గళ్లలో బుజ్జాయి, గల్లీలో పాఠకులు

2022 జనవరిలో కొద్ది రోజుల తేడాతో మన దేశపు బొమ్మల కథ ఇద్దరు పెద్దల్ని పోగొట్టుకుంది. హౌరాకు చెందిన నారాయణ్ దేబ్‌నాథ్, చెన్నైలో బుజ్జాయి. ఇద్దరూ తొంభై ఏళ్లు నిండుగా బతికినవారు. ఇద్దరూ పిల్లల కోసం గీశారు, ఇద్దరి పనీ పత్రికల పేజీల్లోనే పెరిగింది. దేబ్‌నాథ్ 1962లో హాండా, భోండాలను, 1965లో బాంటుల్‌ను 'శుక్‌తారా' పత్రికలో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి చెయ్యి ఆపకుండా గీశారు. ఆ పుస్తకాలు ఈనాటికీ బెంగాలీ ఇళ్లలో తిరుగుతున్నాయి. బుజ్జాయి డుంబు పేరు చెబితే మాత్రం మన దగ్గర పాతతరం పాఠకుల ముఖాలే వెలుగుతాయి. ఆ తర్వాతివారికి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి అని పరిచయం చెయ్యాలి. ప్రతిభలో తేడా వల్ల ఇలా జరిగిందని నేను అనుకోను. బొమ్మల కథ ప్రభావం గీసిన చేతిని బట్టి ఎంత ఉంటుందో, ఆ బొమ్మకు పత్రికలో దొరికిన చోటును బట్టీ, ఆ చోటు ఎన్నేళ్లు నిలిచిందన్నదాన్ని బట్టీ అంతే ఉంటుంది. బుజ్జాయి తెలుగు కథకు గళ్ల వ్యాకరణం చూపించారు. మనం ఆయనకు స్థిరమైన ఒక మూల ఇవ్వలేకపోయాం. తెలుగు బొమ్మల కథ చరిత్రను ఈ కోణంలోంచి చూస్తేనే సూరత్ శివార్లలోని డిండోలి లాంటి చోట పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఏం బాకీ పడ్డామో తెలుస్తుంది.

బుజ్జాయి అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. 1931లో పుట్టారు. భావకవిత్వానికి పెద్ద దిక్కైన కృష్ణశాస్త్రి కొడుకుగా, తండ్రి వెంట ఊళ్లూ సాహిత్య సభలూ తిరుగుతూ గడిపిన బాల్యాన్ని 'నాన్న-నేను' అనే పుస్తకంలో రాసుకున్నారు. మాటల్లో అంత పేరున్న ఇంట పుట్టినవాడు మాటను తగ్గించి గీతను నమ్ముకోవడం చిన్న సంగతి కాదు. పిల్లల కోసం ఆయన సృష్టించిన డుంబు తెలుగు పత్రికల్లో నడిచింది. తర్వాత పంచతంత్రాన్ని బొమ్మల కథగా మలిచి 1963 నుంచి 1968 దాకా బొంబాయి 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో ధారావాహికగా వేశారు. ఈ తేదీల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇంద్రజాల్ కామిక్స్ మొదలైంది 1964లో, అది కూడా ఫాంటమ్ అనే విదేశీ వీరుడితో. అమర్ చిత్ర కథ వచ్చింది 1967లో. అంటే మన కథల్ని మన మనుషులే కామిక్స్‌గా గీసి దేశం మొత్తానికి అందించవచ్చన్న నమ్మకం వ్యాపారంగా మారకముందే, ఒక తెలుగు చిత్రకారుడు వారం వారం ఆ పని చేసి చూపిస్తున్నాడు. భారతీయ కామిక్స్ చరిత్ర చెప్పేవారు సాధారణంగా అమర్ చిత్ర కథ దగ్గర మొదలుపెడతారు. ఆ మొదలు కొంచెం వెనక్కి జరగాలి.

ఇంత వెనక్కి వెళ్లాక ఇంకొంచెం వెనక్కి పోయి, పత్రికల్లో బొమ్మల కథ అసలు ఎవరి కోసం పుట్టిందో చూడటం మంచిది. 1895లో న్యూయార్క్ 'వరల్డ్' పత్రికలో రిచర్డ్ ఔట్‌కాల్ట్ గీసిన పసుపు చొక్కా పిల్లవాడు ఏ రాజమందిరంలోనో పుట్టలేదు. వలస కుటుంబాలు కిక్కిరిసిన ఒక మురికి సందులో తిరిగే బోడిగుండు పిల్లవాడు వాడు. వాడి మాటలు మొదట్లో బుడగల్లో ఉండేవి కావు, ఒంటి మీది పొడుగు చొక్కా మీదే రాసి ఉండేవి. ఆ పిల్లవాడి కోసం రెండు పెద్ద పత్రికలు కొట్టుకున్నాయి. 1896లో ఔట్‌కాల్ట్ పోటీ పత్రికకు వెళ్లిపోతే పాత పత్రిక మరో చిత్రకారుడితో అదే పిల్లవాణ్ణి గీయించుకుంది. 1897లో రుడాల్ఫ్ డర్క్స్ మొదలుపెట్టిన అల్లరి కవలలు జర్మన్ యాస కలిసిన ఇంగ్లీషులో మాట్లాడేవారు. గీసిన డర్క్స్ కూడా జర్మనీ నుంచి వచ్చినవాడే. 1913లో జార్జ్ మెక్‌మానస్ సృష్టించిన జిగ్స్ ఐరిష్ కూలీ. డబ్బు వచ్చి పడినా పాత దోస్తుల్నీ పాత తిండినీ వదల్లేక భార్యతో చీవాట్లు తినే మనిషి. భాష సగమే వచ్చినవాళ్లు ఉండే పట్నాల్లో, వాళ్ల ముఖాలతో, వాళ్ల యాసతో ఈ రూపం ఊపిరి పోసుకుంది. వలసవాళ్లు ఇంగ్లీషు నేర్చుకున్నది కామిక్స్ చూసేనని కొందరు అంటారు. అది కాస్త సాగదీసిన మాట. ఆ బొమ్మలు కొన్నవాళ్లలో చదువుకున్న మధ్యతరగతి చాలా ఉంది. అయినా చదవడం పూర్తిగా రాని మనిషిని కూడా పేజీ దగ్గరికి పిలవగల గుణం ఈ రూపానికి పుట్టుకతోనే ఉందన్నది నిజం. ఇంకో నిజం, ఆ పాత్రలు నిలిచిన కాలం. డర్క్స్ కవలలు ఒక శతాబ్దం దాటి నడిచారు. జిగ్స్ 2000 సంవత్సరం దాకా ఉన్నాడు. గీసినవాళ్లు పోయినా మూల మాత్రం ఖాళీ కాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది, అది న్యాయమైనది కూడా. మనకు ఇదేం కొత్త, బొమ్మల్లో కథ చెప్పడం అమరావతి శిల్పాల నాటి నుంచీ లేదా, తోలుబొమ్మలాట లేదా, చేర్యాల పటాలు లేవా అని. ఉన్నాయి. పైగా ఈ వ్యాసానికి చేర్యాల పటం అన్నిటికన్నా దగ్గరి చుట్టం. ఆ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి కలిపి పట్టించి ఆరబెడతారు. గంజి పెట్టడం నేతగాడి ఇంట్లో తెలియని పని కాదు. ఎర్రటి నేల మీద అడ్డంగా పట్టీలు, పట్టీకీ పట్టీకీ మధ్య పూల అంచు, ఒక్కో పట్టీలో కథలోని ఒక్కో ఘట్టం. ముప్పై, నలభై అడుగుల పొడుగున్న ఆ పటాన్ని విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పడానికి ఒక్కో కథకుల వర్గం. పద్మశాలీలకు కూనపులివారు వచ్చి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. సూరత్‌కు చేరిన తెలుగువారిలో పద్మశాలీలు పెద్ద భాగం. అంటే గళ్లు కట్టిన బొమ్మల కథ వాళ్ల వారసత్వంలోనే ఉంది. అయినా పటం వేరు, పత్రికలోని బొమ్మల కథ వేరు. పటానికి గొంతు కావాలి. కూనపులాయన కర్ర పెట్టి చూపిస్తూ పాడకపోతే అది మూగది. పైగా అది ఊరంతా కూర్చుని చూసేది, ఏడాదికోసారో అంతకన్నా అరుదుగానో వచ్చేది. బొమ్మల కథ ఆ గొంతును బుడగలో పెట్టి బొమ్మకే అప్పగించింది. ఎవరూ చెప్పకుండా, ఒక పిల్ల ఒంటరిగా, ఎన్నిసార్లైనా, తనకు నచ్చిన గడి దగ్గర ఆగుతూ చదువుకోగలిగింది. వలసలో కథకుడు వెంట రాడు. పటం చెప్పేవాళ్లు వరంగల్, సిద్దిపేట పల్లెలు దాటి సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాల దాకా రావడం ఎప్పుడో గాని జరగదు. వచ్చినా ఏడాది పొడుగునా ఉండరు. వెంట రాగలిగింది కాగితమే.

గడికీ గడికీ మధ్య ఉండే తెల్లటి సందులో ఏం జరుగుతుందో చూస్తే బుజ్జాయి ఎంచుకున్న పని ఎంత కష్టమో అర్థమవుతుంది. హంసలు, తాబేలు కథ తీసుకోండి. వచనంలో ఒక్క వాక్యం చాలు: తాబేలు నోరు తెరిచింది, కింద పడింది. గళ్లలో పెట్టాలంటే ముందు ఎత్తు చూపాలి, ఇళ్లు అగ్గిపెట్టెల్లా కనపడాలి. కింద జనం నవ్వులు కనపడాలి. తాబేలు ముఖంలో మాట ఉబికి వస్తుండగా పళ్లు ఇంకా కర్రను పట్టుకునే ఉండాలి. ఆ తర్వాతి గడిలో తాబేలు ఉండదు, హంసల మధ్య ఖాళీ కర్ర మాత్రం ఉంటుంది. పడటం అన్న క్రియను ఎవరూ గీయలేదు. అది చదివేవాడి మనసులో, ఆ సందులో జరిగింది. నీతి కూడా అక్కడే పుడుతుంది, కింద విడిగా రాయనక్కర్లేదు. ఏది గీయాలి, ఏది వదలాలి అన్న ఈ ఎంపికే బొమ్మల కథ వ్యాకరణం. పంచతంత్రంలో జంతువులు ఊరికే పరుగెత్తవు, రాజనీతి మాట్లాడతాయి, కథలో కథ చెబుతాయి. అంత వాదం ఉన్న గ్రంథాన్ని వారానికి కాస్త చొప్పున గళ్లలోకి దింపడం, చదివేవాడు పోయిన వారం మర్చిపోయినా ఈ వారం పట్టుకునేలా చెప్పడం, ఐదేళ్లు అలా నిలబెట్టడం గొప్ప శిల్పం. కవితకు మనం ఇచ్చే గౌరవం దీనికీ చెల్లాలి.

పంచతంత్రం ఆయన సొంత కథ కాదుగదా అనేవారు ఆ గ్రంథం బతుకును తలుచుకోవాలి. ఆరో శతాబ్దంలో పారశీక రాజు కోసం పహ్లవీలోకి, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతిలో అరబ్బీలోకి వెళ్లి కరటక దమనకులు కలీలా దిమ్నాలయ్యారు. తెలుగులో పద్యకావ్యాలుగా వచ్చి, 1853లో చిన్నయసూరి 'నీతిచంద్రిక'తో గద్యమై తరతరాల బడిపిల్లల నోట్లో నానింది. చిన్నయసూరి కూడా కథ కొత్తగా కల్పించలేదు, కొత్త వచనం కల్పించాడు. ఆయనకు ఆ ఘనత ఇచ్చినవాళ్లం, అదే కథకు కొత్త రూపం కల్పించిన బుజ్జాయికి ఎందుకివ్వమో నాకు అర్థం కాదు. రెండో ఆక్షేపణ కొంచెం బరువైనది. ఆ ధారావాహిక వచ్చింది ఇంగ్లీషు పత్రికలో, దాన్ని తెలుగు సంస్కృతిలో ఎలా లెక్కగడతాం అని. నిజమే, తెలుగు చదువరి చేతికి అది నేరుగా అందలేదు. అయితే తెలుగు అచ్చుబొమ్మల చరిత్రే పొరుగు పట్నాల చరిత్ర. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక'ను 1908లో పెట్టింది బొంబాయిలో. 1930 ప్రాంతంలో 'భారతి'లో వ్యంగ్యచిత్రాలు వేసి తెలుగు కార్టూన్‌కు ఆద్యుడనిపించుకున్న తలిశెట్టి రామారావు జయపురానికి చెందినవారు. ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ దినంగా జరుపుకుంటారు. 'భారతి'తో పాటు 'బాల', 'చందమామ' కూడా మద్రాసులో పుట్టాయి. బుజ్జాయి పంచతంత్రం మొదలైన రోజుల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీ సంపాదకుడు ఎ.ఎస్. రామన్, కడప వైపు నుంచి వెళ్లిన తెలుగువాడు. తెలుగు బొమ్మ ఎప్పుడూ సరిహద్దు అవతలే ఎక్కువ బతికింది. డిండోలి ఆ చరిత్రకు పరాయిది కాదు.

మరి మూల ఎందుకు దొరకలేదు? చందమామ ఉండగా ఇంకేం కావాలన్నది చాలామంది జవాబు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికకు మన పిల్లల ఊహాలోకం ఎంతో రుణపడి ఉంది. చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు వేసిన బొమ్మలు మరాఠీ, గుజరాతీ పిల్లల్ని కూడా పెంచాయి. కానీ చందమామ ప్రధానంగా కథకు బొమ్మ వేసిన పత్రిక. బొమ్మే కథ చెప్పిన పత్రిక కాదు. చదవడం వచ్చిన పిల్లకే అది పూర్తిగా దక్కేది. రాని పిల్ల బొమ్మ చూసి, అమ్మ చదివి వినిపించేదాకా ఆగాల్సిందే. బాపు సంగతి ఇంకో రకం. బుజ్జాయి కన్నా రెండేళ్లు చిన్న అయిన బాపు 1955లో ఆంధ్రపత్రికలో చేరి తెలుగు గీతకే ఒక ముఖం ఇచ్చారు. ముళ్లపూడి బుడుగు ఆ పత్రికలోనే ధారావాహికగా నడిచి మన భాషలో అందరికీ తెలిసిన పిల్లవాడయ్యాడు. అయితే బుడుగు మాటల్లో పుట్టి బొమ్మతో బలపడ్డాడు. బాపు ఒంటి గడి కార్టూన్ ఎంత దూరం ప్రయాణించిందంటే, ఆయన గీసిన కథల మాటెత్తకుండానే తెలుగువాళ్లకు ఆయన గుర్తుంటారు. మన అభిరుచి అటు మొగ్గింది. ఒక గడిలో చమత్కారం, ఒక మాటలో విరుపు, చూడగానే నవ్వు. వారం వారం సాగే గళ్ల కథకు ఓపిక కావాలి. పాఠకుడి కన్నా ముందు సంపాదకుడికి కావాలి. మలయాళంలో టామ్స్ గీసిన బోబన్, మోలీలకు 'మలయాళ మనోరమ' వారపత్రికలో ఏళ్ల తరబడి ఒక పేజీ ఉండేది. ప్రాణ్ 1960లో ఢిల్లీ పత్రిక 'మిలాప్'లో డాబూతో మొదలుపెట్టి చాచా చౌదరి దాకా వచ్చి హిందీ పిల్లల్ని తన చుట్టూ తిప్పుకున్నారు. మన దగ్గర ఇలాంటి పాత్ర పుట్టలేదనడానికి వీల్లేదు, డుంబు ఉంది. దాన్ని ముప్పై ఏళ్లు ఒకేచోట ఉంచిన పేజీ లేదు. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. పంచతంత్రం నడిచిన ఇలస్ట్రేటెడ్ వీక్లీ 1993లో ఆగిపోయింది. ఇల్లే కూలితే గోడ మీది బొమ్మ ఎక్కడుంటుంది?

ప్రభావాన్ని ఇలా పేజీలతో, ఏళ్లతో కొలవడం అన్యాయమని ఒక మాట అనవచ్చు. మనసులో పడ్డ ముద్రకు లెక్కలేమిటని. ఆ మాటలో కొంత సత్యం ఉంది. ఒక పిల్ల ఒకేసారి చూసిన బొమ్మ ఆమె చూపునే మార్చవచ్చు. కానీ సంస్కృతి మీద ప్రభావం అన్నప్పుడు మనం ఒక్క మనసు గురించి మాట్లాడటం లేదు. తాత చూసిన పాత్రను మనవరాలు కూడా చూసి, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోగలగడమే అక్కడ కొలమానం. దానికి పునర్ముద్రణ కావాలి. బుజ్జాయి బొమ్మల విషయంలో ఈ గొలుసు తెగింది. ఆయన తర్వాత తెలుగులో కామిక్స్ గీసినవాళ్లు లేరని కాదు. వాళ్లు ఆయన భుజాల మీద నిలబడలేదు. ప్రతివాళ్లూ నేల మీంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. కవికి పూర్వకవి ఉన్నట్టు గీసేవాడికి ముందు గీసినవాడు కనపడాలి. లేకపోతే విదేశీ గీతే గురువవుతుంది.

ఇప్పుడు డిండోలికి వద్దాం. ఉధ్నా, లింబాయత్‌ల పక్కనున్న ఈ ఊరు 2006లో సూరత్ నగరపాలికలో కలిసింది. ఇక్కడి గల్లీల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. మరమగ్గాన్ని తెలంగాణ నేతగాడు సాంచ అంటాడు, సూరత్ గుజరాతీ సంచా అంటాడు. పని నేర్పిన మాట రెండు భాషల్లోనూ ఒకటే. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి అలా లేదు. సూరత్ నగరపాలిక ఏడు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది, వాటిలో తెలుగు ఉంది. ఇది ఆ నగరం చేసిన గొప్ప పని, గట్టిగా చెప్పుకోవాల్సినది. కానీ బతుకుతెరువు లెక్కలు వేసుకునే తల్లిదండ్రులు పిల్లల్ని గుజరాతీకో హిందీకో ఇంగ్లీషుకో పంపితే తప్పుపట్టలేం. అలా పెరిగిన పిల్ల ఇంట్లో కరీంనగర్ తెలుగు గడగడా మాట్లాడుతుంది, తెలుగు రాత చూస్తే ఆగిపోతుంది. ఆమెకు భాష ఉంది, లిపి లేదు. మన పిల్లల పుస్తకాలన్నీ ఈ రెండూ కలిసే ఉంటాయనుకుని తయారవుతాయి. అక్షరాల పుస్తకం ఇస్తే అది ఆమె వయసుకు పసితనంగా ఉంటుంది, కథల పుస్తకం ఇస్తే చదవలేదు. న్యూయార్క్ సందులో పసుపు చొక్కా పిల్లవాడి ముందు నిలబడ్డ పాఠకుడికీ ఈమెకూ పోలిక ఉంది. వాడికి కొత్త ఊరి భాష సగం వచ్చు. ఈమెకు సొంత భాష సగం వచ్చు. ఇద్దరికీ మిగతా సగం బొమ్మ చెబుతుంది. తాబేలు పడిందని తెలుసుకోవడానికి వత్తులు రానక్కర్లేదు. పడిందని తెలిశాక, బుడగలో ఉన్నది దాని ఆఖరి మాటేనని ఊహించి, అక్షరం అక్షరం కూడబలుక్కునే పట్టుదల వస్తుంది.

ఫోనులో కదిలే బొమ్మలు ఉండగా ఈ రోజుల్లో ఇది ఎవరికి కావాలని అడుగుతారు. కదిలే బొమ్మ తన వేగంతో తాను పోతుంది. మాట వినపడితే చాలు, చదవాల్సిన పనే లేదు. వినడం, మాట్లాడటం డిండోలి పిల్లకు ఇప్పటికే వచ్చు. రానిది చదవడం. గడి ఆగి ఉంటుంది. చదివేదాకా కదలదు. ఆ ఓపిక ఉన్నందుకే ఈ పాత రూపం ఈ కొత్త అవసరానికి సరిపోతుంది. నేను కోరేది బుజ్జాయి విగ్రహం కాదు. ఆయన పంచతంత్రం, డుంబు తెలుగు బుడగలతో, పలచని చవక పుస్తకాలుగా, సూరత్, భీవండి, సోలాపూర్ తెలుగు బడులదాకా వెళ్లాలి. తెలుగు అక్షరం కింద గుజరాతీ లిపిలో అదే తెలుగు మాట చిన్నగా ఉంటే ఇంకా మంచిది. ఇందులో ఒక చేతిపని చిక్కు ఉంది. తెలుగు వరుసకు నడుమే కాదు, తలా కాళ్లూ కూడా ఉంటాయి. పైన గుడులు, కింద వత్తులు. 'రాష్ట్రం' అని రాస్తే ఒకే అక్షరం కింద రెండు వత్తులు దిగుతాయి. ఇంగ్లీషు మాటల కొలతకు గీసిన బుడగలో ఈ వరుసలు ఒకదాన్నొకటి తొక్కుతాయి. దాని కింద మరో లిపి కూడా పట్టాలంటే బుడగల్ని విప్పి మళ్లీ కొలవాలి. ముందు అక్షరం రాసి, దాని చుట్టూ బుడగ గియ్యాలి, కొన్నిచోట్ల మాట తగ్గించాలి. బుజ్జాయి గీతను ముట్టుకోకుండా ఈ పని చెయ్యగల అక్షరశిల్పి ఒకరు, కూర్చుని చేయించే సంపాదకుడు ఒకరు కావాలి.